ఘటోత్కచుడి నీడలో మరుగునపడ్డ ఎస్వీ రంగారావు సినిమాలు

ఎస్వీ రంగారావు పేరు చెబితే చాలు, తెలుగు ఇళ్లలో అందరికీ కళ్ల ముందు ఒకటే బొమ్మ. భుజం మీద గద, గుబురు మీసం, గదంతా నిండిపోయే నవ్వు. మాయాబజార్ ఘటోత్కచుడు కాకపోతే పాతాళభైరవి మాంత్రికుడు. పండగ రోజున టీవీ పెడితే ఏదో ఒక చానెల్‌లో ఈ రెండింట్లో ఒకటి వస్తూనే ఉంటుంది. ఇంట్లో నానా, నానీ దగ్గర్నుంచి ఐదో తరగతి పిల్లాడి దాకా అందరూ కూర్చుని చూస్తారు. ఇంత పేరున్న నటుడిని ఎవరు పట్టించుకోలేదు, ఎవరు మరిచిపోయారు అని అడిగేవాళ్లు ఉంటారు. మరిచిపోయింది మనిషిని కాదు, ఆయన చేసిన పనిలో పెద్ద భాగాన్ని. గద, కిరీటం లేకుండా పంచె కట్టుకుని, మామూలు మనిషిగా నిలబడిన వేషాలు చాలామంది చూడనే లేదు. సొంత డబ్బు పెట్టి తీసిన సినిమాల పేర్లు అడిగితే ఒక్కటి కూడా చెప్పలేని అభిమానులు బోలెడుమంది.

సామర్ల వెంకట రంగారావు 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టారు. తండ్రి కోటేశ్వరరావు ఆబ్కారీ శాఖలో ఉద్యోగి, తల్లి లక్ష్మీనరసాయమ్మ. తండ్రి ఉద్యోగం బదిలీల ఉద్యోగం. దాంతో పిల్లవాడి చదువు నానమ్మ దగ్గర, మద్రాసు హిందూ హైస్కూల్లో సాగింది. నాటకాల పురుగు తొలిచింది అక్కడే. బడిలో వేదిక ఎక్కిన పిల్లవాడికి అది వదల్లేదు. ఆ రోజుల్లో కుటుంబాలకు నాటకాలంటే చిన్నచూపు. వేషాలు కట్టేవాడికి పిల్లనివ్వడానికి కూడా వెనకాడేవాళ్లు. డిగ్రీ చదివించి సర్కారీ నౌకరీలో పెట్టాలన్నది ఇంట్లోవాళ్ల ఆలోచన. కొన్నాళ్లు అలాగే నడిచింది కూడా.

ఇంటర్మీడియట్ కోసం విశాఖపట్నం వచ్చి మిసెస్ ఏవీఎన్ కాలేజీలో చేరారు. అది అప్పటికే పేరున్న కాలేజీ. సీవీ రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ పాఠాలు చెప్పింది అక్కడే. ఊరు మాత్రం ఇప్పటి విశాఖ కాదు. రేవును 1933 డిసెంబర్‌లో తెరిచారు. రంగారావు వచ్చేనాటికి దాని కొత్త వాసన ఇంకా పోలేదు. పాతనగరంలో రేవు పక్కన మూడు కొండలు. ఒకదాని మీద ఇస్‌హాక్ మదీనా బాబా దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి, మరొకదాని మీద మేరీమాత చర్చి. ఓడ మీద వచ్చేవాళ్లకు మూడూ ఒకేసారి కనిపిస్తాయి. ఉక్కు కర్మాగారం అనే మాట అప్పటికి ఎవరి ఊహలోనూ లేదు. తర్వాతి రోజుల్లో ఈ ఊరి కాలేజీ కుర్రాడు ఉక్కు కంపెనీలోనే లెక్కలు రాసుకుంటూ కూర్చున్నాడు. కానీ ఆ ఉక్కు ఊరు విశాఖ కాదు, జంషెడ్‌పూర్.

విశాఖ తర్వాత కాకినాడ పీఆర్ కాలేజీలో బీఎస్సీ. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సంఘం ఉండేది. తెలుగు సినిమా చరిత్ర రాసేవాళ్లు ఈ క్లబ్బుకు ఒక అధ్యాయం కేటాయించాలి. అంజలీదేవి, ఆమె భర్త, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు అక్కడి నుంచి వచ్చినవాళ్లే. రంగారావు అందులో పగలూ రాత్రీ తేడా లేకుండా పనిచేశారు. తెలుగు పద్య నాటకాలతో పాటు షేక్‌స్పియర్ నాటకాలను ఇంగ్లీషులోనే వేశారు. పద్యం పట్టు, షేక్‌స్పియర్ నిలకడ రెండూ ఒకే గొంతులో కుదరడం అరుదు. తర్వాత తెర మీద ఆయన మాట ఎందుకంత తూకంగా వినిపిస్తుందో వెతికితే సగం జవాబు ఈ క్లబ్బులో దొరుకుతుంది.

డిగ్రీ అయ్యాక అగ్నిమాపక శాఖలో ఉద్యోగం. బందరులోనూ విజయనగరంలోనూ ఫైర్ ఆఫీసరుగా చేశారు. రెండో ప్రపంచ యుద్ధం ఆంధ్ర తీరాన్ని తాకిన కాలం అది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగులు తీశారు. అలాంటి కాలంలో ఫైర్ ఆఫీసరు అంటే యూనిఫారం, జీతం, ఊళ్లో గౌరవం అన్నీ ఉన్న కొలువు. దాన్ని వదిలేసి రంగారావు సినిమా వేషం కోసం వెళ్లారు. బంధువైన బీవీ రామానందం వరూధిని సినిమా తీస్తూ పిలిచారు. ప్రవరుడి వేషం, హీరో పాత్ర, పారితోషికం 750 రూపాయలు. సినిమా 1946లో విడుదలై చాప చుట్టేసింది.

మొదటి సినిమాకే హీరో అయి, మొదటి సినిమాతోనే ఇంటికి తిరిగొచ్చినవాడి పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. వదులుకున్న నౌకరీ తిరిగి రాదు. మద్రాసులో పిలిచేవాడు లేడు. జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో బడ్జెట్ అసిస్టెంటుగా చేరారు. 1947 డిసెంబర్‌లో మేనమామ బడేటి వెంకట్రామయ్య కూతురు లీలావతితో పెళ్లయింది. సంసారం, నెలజీతం, కంపెనీ కొలువు. ఇక్కడితో కథ ఆగిపోయి ఉంటే టాటా కంపెనీ రిటైర్డ్ ఉద్యోగుల జాబితాలో ఒక పేరుగా మిగిలేవారు. జంషెడ్‌పూర్ తెలుగువాళ్ల మధ్య కూడా నాటకాలు మానలేదు. అది మానలేకపోవడం వల్లే మళ్లీ పిలుపు వచ్చినప్పుడు మద్రాసు రైలెక్కారు.

పిలిచింది బీఏ సుబ్బారావు. పల్లెటూరి పిల్లలో ముఖ్యమైన విలన్ పాత్ర. సరిగ్గా అప్పుడే తండ్రి చనిపోయారు. అంత్యక్రియలు, కర్మకాండ పూర్తిచేసుకుని మద్రాసు చేరేసరికి ఆలస్యమైంది, ఆ పాత్ర ఏవీ సుబ్బారావుకు వెళ్లిపోయింది. రంగారావుకు చిన్న వేషం మిగిలింది. తిరిగి జంషెడ్‌పూర్ పోయినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఆయన ఆ చిన్న వేషమే వేశారు. 1949లో ఎల్వీ ప్రసాద్ తీసిన మనదేశంలో ఇంకో చిన్న పాత్ర. నందమూరి తారక రామారావుకు అదే మొదటి సినిమా. 1950లో విజయా వారి షావుకారులో సున్నం రంగడు దొరికాడు. వీధి రౌడీ పాత్ర అది. ఆ పాత్ర చూశాకే నాగిరెడ్డి, చక్రపాణి జట్టు ఈ మనిషిని వదలకూడదని తీర్మానించుకుంది. మరుసటి ఏడాది కేవీ రెడ్డి పాతాళభైరవి వచ్చింది. 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చిత్రోత్సవానికి దక్షిణాది నుంచి వెళ్లిన సినిమా అదే. నేపాళ మాంత్రికుడి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, అందరికీ తెలిసిందే.

అసలు చూడాల్సింది 1955. ఆ ఒక్క ఏడాదిలో రంగారావు చేసిన పని వరుసగా పెట్టి చూస్తే ఎవరికైనా ముక్కు మీద వేలు పడుతుంది. సంవత్సరం మొదట్లో మిస్సమ్మ. అందులో అప్పాపురం జమీందారు గోపాలం, తప్పిపోయిన కూతురి జ్ఞాపకంతో బతికే మంచి తండ్రి. గొంతు పెంచకుండా, ఒక్కసారైనా మీసం దువ్వకుండా నవ్వించే పాత్ర. అదే ఏడాది బంగారు పాప, అనార్కలి, జయసింహ. ఒక్క జమీందారు, ఒక్క మోటువాడు, ఒక్క మొఘల్ పాదుషా, సింహాసనం మీద కన్నేసిన ఒక్క రుద్రసింహుడు. నలుగురూ ఒకే మనిషి. అప్పటికి ఆయన వయసు 37.

జయసింహలో ఇంకో విశేషం ఉంది. విశాఖలో పెరిగి, అక్కడి సెయింట్ జోసెఫ్ కాన్వెంటులో చదువుకున్న వహీదా రెహమాన్ అందులో ఒక నాయిక. ఆ సంవత్సరమే రోజులు మారాయిలో ఆమె వేసిన నాట్యం ఊరూరా మారుమోగింది. తర్వాత గురుదత్ పిలుపుతో బొంబాయి వెళ్లి దేశమంతటికీ తెలిసిన తార అయ్యారు. కాలేజీ కోసం విశాఖ వచ్చిన రంగారావు, ఆ ఊళ్లో పెరిగిన వహీదా ఒకే సినిమాలో ఉన్నారన్న సంగతి విశాఖవాసుల్లో కూడా ఎంతమందికి గుర్తుందో.

బంగారు పాప సంగతికి వద్దాం. స్వర్గసీమ, మల్లీశ్వరి తీసిన బీఎన్ రెడ్డి దర్శకుడు. జార్జ్ ఇలియట్ ఇంగ్లీషు నవల సైలస్ మార్నర్ ఆధారం. మాటలు పాలగుమ్మి పద్మరాజు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి. మన సాహిత్యంలో ఇంత పెద్దవాళ్లు ఇద్దరు ఒక సినిమాకు కలిసి పనిచేసిన సందర్భాలు తక్కువ. కథ చిన్నదే. లోకం మీద పగతో రగిలిపోయే కోటయ్య అనే మోటు మనిషికి ఒక పసిపాప దొరుకుతుంది. ఆ పాపను పెంచుతూ పెంచుతూ వాడే మనిషిగా మారతాడు. ఇందులో గద లేదు, మంత్రం లేదు, పేజీల కొద్దీ డైలాగులు లేవు. అంతటి భారీ మనిషి చంటిబిడ్డను ఎత్తుకోవడం రాక తడబడే తీరులోనే నటన ఉంది. బెదిరించడానికి అలవాటుపడ్డ చేతులు, పసిగుడ్డు ముందు ఏం చేయాలో తెలియని చేతులుగా మారతాయి. కన్నతండ్రి కాకపోయినా తండ్రి కావడం ఎలా ఉంటుందో చెప్పిన తెలుగు సినిమాలు లెక్కపెడితే ఇది ముందు వరసలో ఉంటుంది.

జాతీయ అవార్డుల్లో బంగారు పాపకు గుర్తింపు దక్కింది. బాక్సాఫీసు దగ్గర మాత్రం నిలబడలేదు. పాతాళభైరవి చూసిన ప్రేక్షకుడు రంగారావు దగ్గర్నుంచి ఆశించింది వేరు. కోటయ్య కన్నీళ్లు వాళ్లకు అక్కర్లేకపోయింది. హీరో, హీరోయిన్ల ప్రేమ చుట్టూ తిరగాల్సిన సినిమా ఒక మధ్యవయసు మోటువాడి చుట్టూ తిరిగితే టిక్కెట్టు కొనేవాళ్లు తగ్గిపోతారన్నది నిర్మాతలు నేర్చుకున్న పాఠం. ఆ పాఠం వల్ల రంగారావుకు నష్టం జరిగింది. కోటయ్యలాంటి పాత్రలు వరుసగా రావాల్సిన వయసులో ఆయనకు రాక్షసులు, జమీందార్లు, మామగార్లు వచ్చారు.

అనార్కలి కథ మన ఇళ్లలో చాలామందికి మొఘల్-ఎ-ఆజం ద్వారానే తెలుసు. ఆ పాదుషా అంటే పృథ్వీరాజ్ కపూర్. అయితే మొఘల్-ఎ-ఆజం వచ్చింది 1960లో. దానికి ఐదేళ్ల ముందే తెలుగులో అంజలీ పిక్చర్స్ వారి అనార్కలి వచ్చింది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వం, ఆదినారాయణరావు సంగీతం. అనార్కలిగా అంజలీదేవి, సలీంగా అక్కినేని నాగేశ్వరరావు, అక్బర్‌గా ఎస్వీ రంగారావు. కాకినాడ క్లబ్బు మిత్రులు మళ్లీ ఒకచోట కలిశారన్నమాట. బీనా రాయ్, ప్రదీప్ కుమార్‌ల హిందీ అనార్కలి రెండేళ్ల ముందే దేశమంతా ఆడేసింది. ఆ పాటలు అందరి నోటా నానుతున్న రోజుల్లో తెలుగులో అదే కథ తీయడం సాహసమే.

రంగారావు అక్బర్‌లో ఒక విశేషం ఉంది. పృథ్వీరాజ్ పాదుషా ఖిలా గోడలాంటివాడు, గర్జిస్తే రాళ్లు రాలతాయి. రంగారావు పాదుషా తఖ్తు మీద కూర్చున్న తండ్రి. దర్బారులో చక్రవర్తి, కొడుకు ఎదురుపడగానే గొంతులో చిన్న వణుకు. కనీజును ప్రేమించిన షెహజాదా మీద కోపం కంటే, కొడుకును పోగొట్టుకుంటున్నానన్న దిగులు ఎక్కువ కనిపిస్తుంది. సలీంగా నటించిన నాగేశ్వరరావు ఆయనకంటే ఆరేళ్లే చిన్న. ఆ తేడా తెర మీద ఎక్కడా తెలియదు. తెలుగువాడు మొఘల్ వేషం కడితే ఉర్దూ పదాలను నానా హింసా పెట్టడం మన సినిమాల్లో మామూలే. మాట తూకం తప్పని రంగారావుకు ఆ బెడద లేదు. తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడే కుటుంబాలు ఈ రెండు సినిమాలూ వరుసగా చూస్తే ఇద్దరు అక్బర్ల గురించి భోజనాల దగ్గర మంచి చర్చే నడుస్తుంది.

వయసు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. రామారావు 1923లో పుట్టారు, రంగారావు కంటే ఐదేళ్లు చిన్న. నాగేశ్వరరావు ఆ తర్వాత ఏడాది. వాళ్లిద్దరూ నడివయసు దాటాక కూడా తెర మీద కాలేజీ కుర్రాళ్లే. రంగారావు ముప్పైల్లోనే వాళ్లకు తండ్రి, తాత, మామ. పోస్టర్ మీద బొమ్మ చిన్నది, పేరు కింద. థియేటర్‌లో మాత్రం ఆయన ఉన్న సీనులో మిగతావాళ్ల మీద కళ్లు నిలిచేవి కావు. హీరోగా చేసిన ఒకటి రెండు ప్రయత్నాల్లో 1956 నాటి హరిశ్చంద్ర ఉంది. జంపన దర్శకత్వం, చంద్రమతిగా లక్ష్మీరాజ్యం. కాటికాపరి పద్యాలు పల్లెపల్లెనా వినిపించే రోజుల్లో ఆ రాజు పాత్రను పద్యాల హోరుతో కాక, కష్టాల బరువుతో నడిపించారు. దీన్నీ ఇప్పుడు ఎవరూ తలచుకోరు.

1957లో మాయాబజార్ వచ్చింది. ఆ తర్వాత ఆయన జీవితం రెండు దారుల్లో నడిచింది. ఒక దారిలో పురాణాల ప్రతినాయకులంతా వరుసకట్టారు. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, కంసుడు, నరకాసురుడు, రావణుడు, యముడు. ఇంకో దారిలో ఉమ్మడి కుటుంబాల పెద్దలు. తోడికోడళ్లు, కలసి ఉంటే కలదు సుఖం, వెలుగు నీడలు, ఆత్మబంధువు, గుండమ్మ కథ. తమిళంలోనూ అంతే పేరు. సబాష్ మీనా, పడిక్కాద మేదై లాంటి సినిమాలు చూసిన తమిళ ప్రేక్షకులు ఆయన్ను తమవాడనే అనుకునేవాళ్లు.

1963లో నర్తనశాల వచ్చింది. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో కీచకుడి వేషం. కీచకుడంటే కామంతో కళ్లు మూసుకుపోయినవాడు. దాన్ని అసహ్యంగా చేయడం తేలిక. రంగారావు నడకలో దర్జా, చూపులో బలహీనత పెట్టి, వాడు ఎందుకు చెడిపోయాడో ప్రేక్షకుడికి అర్థమయ్యేలా చేశారు. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో ఆ పాత్రకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. కళా దర్శకుడు టీవీఎస్ శర్మకూ అక్కడే బహుమతి దక్కింది. తెలుగు అక్షరం ముక్క రాని ఇండోనేషియా న్యాయనిర్ణేతలకు ఆ నటన అర్థమైంది.

మరి ఇక్కడ? ఒక సంగతి చాలామంది గమనించరు. జాతీయ అవార్డుల్లో ఉత్తమ నటుడు అనే విభాగమే 1967 సినిమాలతో మొదలైంది. అప్పటికి రంగారావు గొప్ప పాత్రలు చాలావరకు అయిపోయాయి. మన రాష్ట్ర నంది అవార్డులు 1964లో మొదలైనా, ఉత్తమ నటుడికి నంది ఇవ్వడం 1977 నుంచే. అప్పటికి ఆయన పోయి మూడేళ్లు. అంటే పోటీ పెట్టి ఓడించింది లేదు, ఆయన బతికుండగా ఆ పోటీయే సరిగా లేదు. పద్మ పురస్కారాల విషయంలో మాత్రం ఈ సాకు చెల్లదు. నాగయ్యకు 1965లో, రామారావు, నాగేశ్వరరావులకు 1968లో, రేలంగికి 1970లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లంతా అర్హులే. రంగారావుకు ఏదీ రాలేదు. జకార్తా దాకా పోయి దేశానికి పేరు తెచ్చినవాడిని ఢిల్లీ పదేళ్లపాటు చూడనట్టే ఉండిపోయింది.

అవార్డుల కన్నా ఆయన మనసు వేరే చోట ఉంది. సొంతంగా సినిమా తీయాలి. ఇతరులు పెట్టే కిరీటాలు, గదలు పక్కనపెట్టి, తను నమ్మిన కథ చెప్పాలి. మొదట నిర్మాతగా దిగారు. 1963లో తమిళంలో వచ్చిన నానుమ్ ఒరు పెణ్‌లో ఆయన జమీందారు వేషం వేశారు. జాతీయ అవార్డు పొందిన సినిమా. నల్లగా ఉన్న, చదువురాని అమ్మాయిని మోసంతో ఒక పెద్దింటి కోడల్ని చేస్తారు. ఒంటి రంగు చూసి ఆ ఇల్లు ఆమెను ఎలా చూసిందన్నది కథ. దాన్నే 1965లో నాదీ ఆడజన్మే పేరుతో తెలుగులో నిర్మించారు. దర్శకుడు ఏసీ తిరులోకచందర్. సావిత్రి, రామారావు, జమున, హరనాథ్ నటులు. కోడలిని మొదట అసహ్యించుకుని, తర్వాత కన్నకూతురికన్నా ఎక్కువగా చూసే మామగారు రంగారావు. పిల్ల రంగు తక్కువ అని సంబంధాలు వెనక్కి పోవడం ఇవాళ్టికీ అన్ని మతాల ఇళ్లలో ఉన్నదే. అరవై ఏళ్ల కిందట సొంత సొమ్ము పెట్టి ఆ మాట చెప్పడానికి ఒక నటుడు ముందుకొచ్చాడు.

తర్వాత దర్శకుడయ్యారు. విశాఖ ఉక్కు కోసం రాష్ట్రం అట్టుడికిన ఏడాదికి మరుసటి ఏడాది, 1967లో చదరంగం వచ్చింది. నిర్మాత, దర్శకుడు, నటుడు ముగ్గురూ ఆయనే. 1968లో బాంధవ్యాలు. తమిళంలో కేఎస్ గోపాలకృష్ణన్ తీసిన కణ్ కండ దైవం దీనికి మూలం. అందులోనూ పెద్దన్న వేషం రంగారావుదే. పల్లెటూరి ఉమ్మడి కుటుంబం, అన్నదమ్ములు, బయటినుంచి వచ్చే మాటలతో ఇల్లు చీలడం. సావిత్రి ముఖ్య పాత్ర వేశారు. తర్వాత నాలుగు భాషల్లో పెద్ద నటిగా పేరు తెచ్చుకున్న లక్ష్మి తెలుగులో కనిపించిన మొదటి సినిమా ఇదే. 1968 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా బంగారు నంది బాంధవ్యాలుకు దక్కింది. నటుడిగా ఆయనకు రాని నంది దర్శక నిర్మాతగా ఇంటికొచ్చింది.

అయినా బాంధవ్యాలు ఎవరి నోటా వినపడదు. దీనికి కారణాలు పెద్ద రహస్యమేమీ కాదు. నలుపు తెలుపు సాంఘిక చిత్రాలను టీవీ వాళ్లు పండగ పూట వేయరు. పాటలు రేడియోలో మోగినంత కాలమే ఆ సినిమాలు బతుకుతాయి. పురాణ చిత్రాలకు ఆ చిక్కు లేదు, ఏ పండగకైనా పనికొస్తాయి. పైగా మాయాబజార్ 2010లో రంగులద్దుకుని మళ్లీ థియేటర్లకు వచ్చింది. చదరంగంకు, బాంధవ్యాలుకు రంగులద్దేవాళ్లు ఎవరున్నారు? పాత తెలుగు సినిమాల్లో చాలావాటికి నెగెటివులే మిగల్లేదు. మద్రాసు ల్యాబుల్లో, గోదాముల్లో తేమకు, వేడికి పాడైపోయాయి. దొరికే వాటిని చూసే నాథుడు లేకపోతే దాచేవాళ్లకూ ఆసక్తి పోతుంది.

రంగారావు కథలు కూడా రాశారు. సినిమా నటుడు సరదాకు రాసుకున్నవి కావు, పత్రికల్లో అచ్చయినవి, తర్వాత పుస్తకంగా వచ్చినవి. వేటంటే పిచ్చి. కుక్కలంటే ప్రాణం. సెట్టులో కోపం ఎక్కువన్న పేరుంది. మద్యం అలవాటు ఆరోగ్యాన్ని తినేసిందన్నదీ దాచాల్సిన విషయం కాదు, ఆ తరం నటుల్లో చాలామంది ఇళ్లు ఆ అలవాటు వల్లే చితికిపోయాయి. డెబ్బైల్లోకి వచ్చేసరికి మనిషి అలసిపోయాడు, పాత్రలు మాత్రం ఆగలేదు. 1971లో బాపు సంపూర్ణ రామాయణంలో రావణుడు, అదే ఏడాది దసరా బుల్లోడు, ప్రేమ్‌నగర్. 1972లో దాసరి నారాయణరావు మొదటి సినిమా తాత మనవడులో ఆయనే తాత. కొడుకు ఆదరించని ముసలి తండ్రి. ఆ సినిమా విజయం దాసరికి దారి వేసింది. కొత్త దర్శకుడి మొదటి సినిమాకు అంత పెద్ద నటుడు భుజం ఇవ్వడం చిన్న విషయం కాదు. బంగారు పాప కోటయ్య ముసలివాడైతే ఎలా ఉంటాడో చూడాలంటే ఈ తాతను చూడొచ్చు. పదిహేడేళ్ల తేడాలో గొంతు బరువెక్కింది, చూపు మెత్తబడింది.

1974 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో గుండెపోటు వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రిలో వైద్యం జరిగింది, కోలుకున్నారు. విశ్రాంతి తీసుకోవాల్సిన మనిషి మళ్లీ మేకప్ వేసుకున్నారు. జూలై 18న మద్రాసులో రెండోసారి గుండెపోటు వచ్చి కన్నుమూశారు. యాభై ఆరేళ్లు నిండి రెండు వారాలు.

2013లో, భారతీయ సినిమా వందేళ్ల సందర్భంగా తపాలా శాఖ యాభైమంది సినీ ప్రముఖుల బిళ్లలు విడుదల చేసినప్పుడు వాటిలో రంగారావుది కూడా ఉంది. ఐదు రూపాయల బిళ్ల. దేశం ఆయనకిచ్చిన గుర్తింపు అదే, పోయిన ముప్పై తొమ్మిదేళ్లకు. ఆయన ఆఖరి సినిమాల్లో ఒకటైన యశోద కృష్ణ 1975లో, మనిషి పోయిన మరుసటి ఏడాది థియేటర్లకు వచ్చింది. అందులోనూ ఆయన కట్టింది కంసుడి వేషమే.